ఎవల లైన్ల ఉరకాలె?

పరుగు పందెంలో గెలిచిన మనిషి గెలుపులో కష్టం పాలెంత, పుట్టుకతో దక్కిన దేహం పాలెంత? దైవం పెద్దదా పురుషకారం పెద్దదా అని భారతంలో పెద్దలు మళ్లీ మళ్లీ తర్కించుకున్న ప్రశ్నే ఇది. పుస్తకం ముందు కూర్చున్నవాళ్లకు ఇది వేదాంతం. స్టాప్‌వాచ్ పట్టుకుని ఎండలో నిలబడేవాళ్లకు రోజూ ఎదురయ్యే లెక్క. ఒక ట్రాన్స్ మహిళ వచ్చి "మేడం, నేను ఎవల లైన్ల ఉరకాలె?" అని అడిగిననాడు ఇక తప్పించుకోలేని లెక్క.

మా వైపు ఘనపూర్ పేరుతో ఒకటికి మించి ఊళ్లున్నాయి. కోటగుళ్లున్న గణపురం భూపాలపల్లి జిల్లాలోది. నాది కాజీపేట, సికింద్రాబాద్ రైలు దారిలో ఉన్న స్టేషన్ ఘనపూర్, జనగామ జిల్లా. చుట్టుపక్కల జిల్లా పరిషత్తు బడుల్లో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రం గ్రౌండుకు పోతాను. తండాల నుంచి వచ్చే ఆడపిల్లలకు పరుగు నేర్పుతాను. పత్తి ఏరే కాలంలో వాళ్లు చేనునుంచి నేరుగా వస్తారు, వేళ్ల నిండా గీతలతో.

నా కళ్లతో చూసింది ముందు చెప్తాను. ఐదు, ఆరు తరగతుల్లో ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ వేస్తే ఎవరు ముందొస్తారో చెప్పలేం. చాలాసార్లు ఆడపిల్లే వస్తుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అదే పిల్ల, అదే మైదానం, మునుపటికంటే ఎక్కువ సాధన. అయినా ఆరో తరగతిలో తన వెనక వచ్చిన పిల్లగాణ్ణి ఇక అందుకోలేదు. వాడు సాధన ఎగ్గొట్టినా సరే. "నేనేం తక్కువ చేసిన మేడం?" అని ఆ పిల్లలు అడిగినప్పుడు గొంతు పట్టుకున్నట్టయ్యేది నాకు. ఏమీ తక్కువ చేయలేదు. ఈడు వచ్చాక మగపిల్లవాడి ఒంట్లో టెస్టోస్టిరాన్ ఆడవాళ్లలో ఉండేదానికి పదిహేను రెట్లకు చేరుతుంది. ఎముక పొడుగవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, గుండె, ఊపిరితిత్తులు పెద్దవవుతాయి, నెత్తురులో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ప్రపంచస్థాయి పరుగుల్లో స్త్రీపురుషుల మధ్య తేడా 10 నుంచి 12 శాతం. బరువులెత్తే పోటీల్లో 30 శాతం దాకా పోతుంది. ఈ తేడాను పక్కన పెట్టడానికి మనుషులు చేసుకున్న ఏర్పాటే ఆడవాళ్ల పోటీ. అది లేకపోతే మా తండా పిల్లకు ఏ ఫైనల్లోనూ చోటుండదు.

ఇక ఆ ప్రశ్న అడిగినామె సంగతి. బడిలో నా దగ్గర అబ్బాయిల టీములో 800 మీటర్లు ఉరికిన బిడ్డ. ఇంటర్ తర్వాత హైదరాబాద్ పోయింది. ఊరు ఏమన్నదో, ఇంట్లో ఎంత గోస పడిందో ఇక్కడ రాయను, అది ఆమె సొంతం. డాక్టర్ల పర్యవేక్షణలో హార్మోన్ చికిత్స మొదలుపెట్టి రెండేళ్లు దాటాక ఒక సాయంత్రం గ్రౌండుకొచ్చింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ గోషామహల్ మైదానంలో పోలీసులు ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టారు. 39 మంది ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. మళ్లీ పిలుపు వస్తే తానూ తయారుగా ఉండాలని ఆమె ఆశ. దాంతోపాటు ఇంకో ఆశ కూడా ఉంది. పరుగంటే ఆమెకు ప్రాణం. మీట్లలో ఉరకాలని ఉంది, ఆడవాళ్లలో ఆడమనిషిగా.

"ఒకప్పటి లెక్క ఉరుకలేకపోతున్న మేడం. రెండో రౌండుకే కాళ్లు గుంజుతున్నయ్" అంది. స్టాప్‌వాచ్ కూడా అదే చెప్పింది. బడినాటి టైమింగుకూ ఇప్పటి టైమింగుకూ చాలా దూరం. కాని ఒక్క దేహాన్ని చూసి ఏదీ తేల్చలేం. నడుమ సాధన లేని ఏళ్లున్నాయి, అద్దె గదిలో అరకొర తిండి ఉంది, నిద్రపట్టని రాత్రులున్నాయి. అందుకే అధ్యయనాలు చదవడం మొదలుపెట్టాను.

చికిత్సలో జరిగేవి రెండు. ఈస్ట్రడయాల్ ఇస్తారు, టెస్టోస్టిరాన్‌ను అణుస్తారు. ముందు మారేది నెత్తురు. మూడు నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ ఆడవాళ్ల స్థాయికి దిగుతుంది. ఆమెకు ఆయాసం రావడానికి ఇదొక కారణం అయి ఉంటుంది. కండ అంత తొందరగా పోదు. ఏడాది చికిత్స తర్వాత తగ్గేది సుమారు 5 శాతమేనని ఎమ్మా హిల్టన్, టామీ లుండ్‌బర్గ్ 2021లో అచ్చయిన సమీక్షలో చూపించారు. మూడేళ్లయినా బలంలో కొంత ఆధిక్యం మిగులుతుందని జోవానా హార్పర్ బృందం చేసిన సమీక్ష చెప్పింది. హార్పర్ స్వయంగా ట్రాన్స్ మహిళ, దూరపు పరుగుల్లో పాల్గొన్న మనిషి. తన ఆశకు ఎదురొచ్చే ఫలితాన్ని కూడా దాచకుండా రాసిన ఆమెమీద నాకు గౌరవం. అమెరికా వైమానిక దళంలో పనిచేసేవాళ్ల పరీక్షల రికార్డులు తీసి ఇంకొకరు చూశారు. రెండేళ్ల చికిత్స తర్వాత పుషప్పుల్లో, సిటప్పుల్లో ట్రాన్స్ మహిళలకూ మిగతా మహిళలకూ తేడా లేకుండా పోయింది. ఒకటిన్నర మైలు పరుగులో మాత్రం ట్రాన్స్ మహిళలు ఇంకా 12 శాతం ముందున్నారు. ఎత్తును, ఎముక పొడవును ఏ మందూ తగ్గించదు.

ఇంకో వైపూ ఉంది. 2024లో ఇంగ్లండులోని బ్రైటన్ విశ్వవిద్యాలయంలో క్రీడల్లో ఉన్న ట్రాన్స్ మహిళలను పరీక్షించారు. పిడికిలి బలం మిగతా మహిళలకంటే ఎక్కువ ఉంది. కాని బరువుతో పోల్చి చూస్తే ఎగిరే ఎత్తు, ఆక్సిజన్ వినియోగం తక్కువ ఉన్నాయి. చట్రం పెద్దదిగానే ఉండిపోయి, దాన్ని మోసే కండ, నెత్తురు తగ్గాయన్నమాట. ఏ ఆటకు ఏది పనికొస్తుందో దాన్నిబట్టి లాభనష్టాలు మారతాయి. ఈ అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు తక్కువ, వాళ్లలో పెద్ద క్రీడాకారులు మరీ తక్కువ. ఉన్నంతలో నాకు అర్థమైంది ఇది: మందు దేహాన్ని నిజంగానే మారుస్తుంది, కాని ఆ దేహం దాటి వచ్చిన కాలాన్ని పూర్తిగా చెరపలేదు.

ఇది చదువుతుంటే నాకు చిన్నప్పుడు విన్న విరాటపర్వం గుర్తొచ్చింది. వానలు ఎగ్గొట్టిన ఏడు మా ఊళ్లో దాన్ని చదివించేవాళ్లు. హనుమాండ్ల గుడి అరుగు మీద మా నాయిన తిక్కన పద్యాలు రాగం తీసి చదువుతుంటే ఆడవాళ్లం దూరంగా కూర్చుని వినేవాళ్లం. పెద్దయ్యాక వ్యాసభారతంలోనూ ఆ పర్వం వెతుక్కుని చదివాను. అజ్ఞాతవాసానికి పోయేముందు అర్జునుడికి ఒక దిగులుంటుంది. వింటినారి ఒరిపిడికి చేతుల మీద కాయలు కాచాయి, వాటిని దాచడం కష్టం, గాజులతో కప్పుకుంటానంటాడు. విరాటరాజు ఊరికే నమ్మడు, పరీక్ష చేయించిన తర్వాతే బృహన్నలగా వచ్చిన అర్జునుణ్ణి కన్యాంతఃపురానికి పంపుతాడు. ఏడాది గడుస్తుంది. ఉత్తర గోగ్రహణం నాడు కౌరవసేనను చూసి ఉత్తరకుమారుడు రథం దిగి పారిపోతే, బృహన్నల జడ ఊగుతుండగా వెంటపడి నూరడుగుల్లో పట్టుకుంటాడు. చూసి సైనికులు నవ్వుతారు. కౌరవులకు మాత్రం అనుమానం వస్తుంది. ఆ తల, ఆ మెడ, ఆ బాహువులు అర్జునుడివే కదా అని. నూరడుగుల పరుగులో దేహం తన గతాన్ని చెప్పేసింది.

ఇందులో నేను వైద్యశాస్త్రం వెతకడం లేదు. అర్జునుణ్ణి బృహన్నలను చేసిన ఊర్వశి శాపం వేరు, హార్మోన్ చికిత్స వేరు. అర్జునుడు ఏడాది కాగానే వెనక్కి వెళ్లాడు, నా శిష్యురాలు వెనక్కి వెళ్లాలనుకోవడం లేదు. ఆమె వేసుకున్నది వేషమూ కాదు. కాని గాజుల కింద కాయలున్నాయని ఒప్పుకోవడానికి ఆ కథ చెప్పినవాళ్లు జంకలేదు. ఒప్పుకున్నంత మాత్రాన బృహన్నల నేర్పిన నాట్యం అబద్ధం కాలేదు. ఆ గురుశిష్య బంధాన్ని తలచుకునే అర్జునుడు, విరాటుడు తన కూతురు ఉత్తరను ఇస్తానన్నప్పుడు భార్యగా వద్దని కోడలిగా చేసుకున్నాడు.

దీనికి ఎదురుగా భీష్ముడి కథ ఉంది. శిఖండి ఒకప్పుడు స్త్రీ కాబట్టి ఎప్పటికీ స్త్రీయేనని, అందుకే అతడి మీద బాణం వేయనని ఆయన పట్టు. స్థూణాకర్ణుడనే యక్షుడితో దేహం మార్చుకున్నా, రథమెక్కి విల్లు పట్టినా, ఆయన లెక్కలో పుట్టుకే ప్రమాణం. చిన్నప్పుడు ఆ పట్టుదల గొప్పగా అనిపించేది. ఇప్పుడు అందులో ఇంకొకటి కనిపిస్తోంది. ఆ నియమానికి వెల భీష్ముడే కట్టాడు, తన ఒంటినిండా బాణాలతో. శిఖండిని యుద్ధభూమి నుంచి వెళ్లగొట్టమని ఆయన అడగలేదు. మన కాలంలో నియమం రాసేవాళ్లు ఒకరు, వెల కట్టేవాళ్లు ఇంకొకరు.

నియమాలు ఎటు పోయాయో తెలిసిందే. 2022 జూన్‌లో ఈత సమాఖ్య, 2023 మార్చిలో ప్రపంచ అథ్లెటిక్స్, అదే ఏడు నవంబరులో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఒకరి తర్వాత ఒకరు మగ ఈడు దాటి వచ్చిన ట్రాన్స్ మహిళలకు అంతర్జాతీయ మహిళల పోటీల తలుపు మూశాయి. ఆ తలుపు మూయడం సరైనదేనని నేను అనుకుంటున్నాను. ఈ మాట రాయడం నాకు సులువు కాదు, ఆమె ఇది చదువుతుంది. 12 శాతం అంటే చూసేవాళ్లకు చిన్న అంకె. 800 మీటర్లలో అది ఫైనల్లో ముందొచ్చినామెకూ హీట్స్‌లోనే ఆగిపోయినామెకూ ఉండే దూరం కంటే ఎక్కువ. మా పిల్లకు రాష్ట్ర మీట్లో మూడో స్థానం సర్టిఫికెట్ అంటే స్పోర్ట్స్ కోటాలో సీటు, తర్వాత ఉద్యోగం, ఆ ఏడు జరగాల్సిన పెళ్లి ఇంకొన్నేళ్లు ఆగడం. ఆ కాగితం ఎవరికి పోతుందనేది చిన్న విషయం కాదు.

ఇది చెప్పిన రోజు ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే నేను ఆడపిల్లను కానంటరా మేడం?" అని అడిగింది.

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న కోసమే. ఏ విభాగంలో ఉరకాలన్నది ఒక మాట, ఎవరన్నది ఇంకో మాట. మొదటిదానికి జవాబు చెప్పేటప్పుడు రెండోదాన్ని కూడా తేల్చేశామనుకోవడమే నాకు అధర్మంగా తోస్తోంది. మాకు దగ్గర్లో, పర్వతగిరి మండలం కల్లెడలో పుట్టిన జీవాంజి దీప్తిని చూడండి. నేర్చుకోవడంలో ఇబ్బందులతో పుట్టిన ఆ పిల్లను ఊళ్లో ఎగతాళి చేశారు. నాగపురి రమేశ్ సారు శిక్షణలో ఆమె, అలాంటి ఇబ్బందులున్నవాళ్ల కోసం ఉన్న టీ20 విభాగంలో ఉరికింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టింది, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెను వేరే విభాగంలో ఉరికించారు కాబట్టి ఆమె తక్కువ మనిషి అని ఇవాళ మా జిల్లాల్లో అనేవాళ్లున్నారా? విభాగం అంటే దేహం ఇచ్చినదాన్నీ ఇవ్వనిదాన్నీ పక్కకు పెట్టి, మిగిలిన కష్టాన్ని కొలిచే పద్ధతి. మనిషిని కొలిచే పద్ధతి కాదు.

వేములవాడ రాజన్న గుడిలో శ్రీరామనవమి నాడు శివపార్వతులని పిలిచే భక్తులను చూసినవాళ్లకు నేను చెప్పేది తొందరగా అర్థమవుతుంది. త్రిశూలం పట్టుకుని, తలంబ్రాలు పోసుకుని, జోగినులూ హిజ్రాలూ శివుణ్ణి పెళ్లాడతారు. అక్కడ ఎవరి నెత్తురూ పరీక్షించరు. నాకు అక్కడే తట్టింది: గుడిలో రెండో స్థానం లేదు. ఒకరు దేవుడి పెళ్లామైతే ఇంకొకరికి ఆ చోటు తగ్గదు. పరుగు అలాంటిది కాదు. ఒకరు గెలవాలంటే మిగతావాళ్లు ఓడాలి. పంచితే తరిగిపోయేదానికి నియమం కావాలి. ఆడమనిషిగా బతకడం, ఆ పేరుతో పిలిపించుకోవడం, తల ఎత్తుకుని రైలెక్కడం, ఇవి పంచితే తరిగేవి కావు. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాయించి, వారెంటు లేకుండా పట్టుకుపోవడానికి వీలిచ్చిన నిజాం కాలపు 1919 చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. ఆ తీర్పు నిలబెట్టింది తరగనిదాన్నే. పతకాల నియమం తెచ్చి దానికి గండి కొట్టే హక్కు ఎవరికీ లేదు.

గండి పడితే ఎవరు కొట్టుకుపోతారో కూడా చూశాం. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన తెలంగాణ పిల్ల అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. 5712 పాయింట్లు, నాలుగో స్థానంకంటే నాలుగే పాయింట్లు ఎక్కువ. టీ కొట్టు నడిపే తండ్రి కూతురు. గెలిచిన సంతోషం తీరకముందే, ఆమె ట్రాన్స్‌జెండర్ అంటూ ఏ ఆధారమూ లేని మాట సామాజిక మాధ్యమాల్లో వచ్చింది. అన్నవాళ్లే తర్వాత ఆ పోస్టు తీసేశారు, క్షమాపణ చెప్పారు. కాని ఆ మాట తిరగాల్సినంత తిరిగింది. అనుమానం మొదలైతే అది ట్రాన్స్ మహిళల దగ్గర ఆగదు. పొడుగున్న పిల్ల మీద, ఛాతీ లేని పిల్ల మీద, నల్లగా గట్టిగా ఉన్న మా లంబాడా పిల్ల మీద పడుతుంది. రమేశ్ సారు దగ్గరే హైదరాబాద్‌లో సాధన చేసిన ద్యుతీ చంద్ ఆడపిల్లగా పుట్టి ఆడపిల్లగా పెరిగింది. ఒంట్లో సహజంగా టెస్టోస్టిరాన్ ఎక్కువుందని 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ముందు ఆమెను పక్కనపెట్టారు. ఆమె క్రీడా న్యాయస్థానానికి పోయి 2015 జులైలో ఆ నియమాన్నే ఆపించింది. అంత ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ఇప్పుడు ప్రపంచ అథ్లెటిక్స్ 2025 సెప్టెంబరు 1 నుంచి మహిళల విభాగంలో పోటీపడేవాళ్లకు, పిండంలో మగదేహానికి దారితీసే ఎస్‌ఆర్‌వై జన్యువు కోసం పరీక్ష పెట్టింది. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసినా చాలు, జీవితంలో ఒక్కసారే అంటున్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లోనూ ఇలాంటి పరీక్షే చేశారు. ఎనిమిది మందిలో ఆ జన్యువు కనిపించింది, విచారించి ఎనిమిది మందినీ పోటీకి అనుమతించారు. కొందరి ఒంట్లో ఆ జన్యువున్నా టెస్టోస్టిరాన్ పనిచేయదు, వాళ్లకు దానివల్ల ఏ లాభమూ లేదు. 1990లో ఆ జన్యువును కనిపెట్టిన ఆండ్రూ సింక్లెయిరే ఈ పరీక్ష వద్దంటున్నారు. మగ ఈడువల్ల వచ్చిన బలాన్ని లెక్కలోకి తీసుకోండి, నేను ఒప్పుకుంటాను. జన్యువును పుట్టుమచ్చలా వెతికి ఆడతనానికి సర్టిఫికెట్ ఇవ్వడాన్ని ఒప్పుకోను. కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి కులగోత్రాలడిగింది కూడా నియమం పేరుతోనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతిలో నా పిల్లలు మైదానం విడిచిపోతే దానికి కారణం ఏ ట్రాన్స్ మహిళా కాదు. నెలసరి రోజుల్లో బట్ట మార్చుకోను గది లేక పోయారు. చీకటి పడ్డాక తండాకు బస్సు లేక పోయారు. రక్తహీనతతో రెండు రౌండ్లకే కూలబడి పోయారు. మహిళల క్రీడను కాపాడాలనేవాళ్లు ముందు ఈ గదీ బస్సూ ఇప్పించాలి. ఆడపిల్లల కోసమని ట్రాన్స్ మహిళలను తిట్టి ఊరుకుంటే మా పిల్లల వేగం ఒక్క సెకను పెరగదు.

ఆమెకు ఇచ్చిన జవాబు ఇది. "కాదని ఎవలన్నరు బిడ్డా. రాష్ట్ర మీట్ల ఆడపిల్లల హీట్ల నిన్ను నిలబెట్టను. నా గ్రౌండ్ల మాత్రం నీ లైన్ వాళ్ల పక్కనే." సర్టిఫికెట్లూ కోటాలూ లేని చోట, అంటే ఊరి జాతర పరుగులో, గణతంత్ర దినోత్సవం పోటీలో, బడి మైదానంలో ఆమెను ఆపడానికి నాకు ఏ ధర్మకారణమూ కనిపించలేదు. గోషామహల్లో పోలీసులు చేసినట్టు రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ కూడా జిల్లా మీట్లలో ట్రాన్స్ క్రీడాకారులకు ఒక పోటీ పెట్టి, టైమింగులు రాసి, సర్టిఫికెట్ ఇవ్వాలి. మొదటి ఏడు ఇద్దరే వస్తారేమో. మా బడుల్లో ఆడపిల్లల షాట్‌పుట్ మొదలైనప్పుడూ వచ్చింది ఇద్దరే.

ఆమె ఒప్పుకోలేదు, కోపం కూడా వచ్చింది. వారం దాకా గ్రౌండుకు రాలేదు. తర్వాత వచ్చింది. ఇప్పుడు మా పిల్లలతో కలిసి ఉరుకుతోంది, 800 మీటర్లలో చివరి 200 ఎలా దాచుకోవాలో వాళ్లకు నాకంటే బాగా చెప్తోంది. నేను చదివిన అధ్యయనాలు చాలావరకు అమెరికాలో, ఐరోపాలో పరీక్షించిన దేహాలవని చెప్పాను. ప్రతి నెలా తన టైమింగు, హిమోగ్లోబిన్, బరువు ఒక నోట్‌బుక్కులో రాయించుకుంటోంది. "రేపు మన దగ్గర ఎవలన్న డాక్టర్లు లెక్క తీస్తే నాది కూడా ఇయ్యుండ్రి మేడం. అప్పుడు మీరన్నది తప్పైతే మళ్ల మాట్లాడుకుందాం" అంది. నేను సరేనన్నాను.